ఫొటోలో ఉన్నవాడు మాట్లాడితే

మన కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో నెలకొకసారైనా ఒక పోస్టర్ తిరుగుతుంది. పైన ఎర్ర అక్షరాల్లో ‘సహాయం చేయండి’. మధ్యలో ఆసుపత్రి మంచం మీద ఒక కుర్రాడు, ముక్కులో గొట్టం. కింద వయసు, బ్రాంచి, జబ్బు పేరు, వాళ్ల నాన్న ఫోన్‌పే నంబరు. పక్కన రెండేళ్ల కిందటి ఫొటో, ఒత్తుగా జుట్టుతో, ఏదో ఫెస్ట్‌లో నవ్వుతూ దిగింది. మనం చూస్తాం. వందో రెండొందలో కొడతాం. ఇంకో మూడు గ్రూపుల్లోకి ఫార్వర్డ్ చేస్తాం. ఇందులో తప్పేమీ లేదు. ఆ డబ్బు నిజంగానే పనికొస్తుంది, ఆరోగ్యశ్రీ ఉన్నా ప్రయాణాలకి, గది అద్దెకి, తిండికి, బయట కొనే మందులకి బోలెడంత అవుతుంది.

నాకు ఆ పోస్టర్‌లో ఇబ్బందిగా అనిపించేది ఒకటే. అందులో వాళ్ల నాన్న మాట్లాడతాడు, ఫ్రెండ్స్ మాట్లాడతారు, షేర్ చేసే మనమంతా మాట్లాడతాం. ఫొటోలో ఉన్నవాడు మాత్రం మాట్లాడడు. వాడికీ ఇన్‌స్టా ఉంటుంది. సగంలో ఆపేసిన సిరీస్ ఉంటుంది. సబ్మిట్ చేయని రికార్డు ఉంటుంది. పోస్టర్ పడిన రోజు నుంచి వాడు ఒక ‘కేసు’ అయిపోతాడు.

కానీ అదే ఫోన్‌లో, అదే ఇంటర్నెట్‌లో వేరే చోటు కూడా ఉంది. అక్కడ క్యాన్సర్ వచ్చిన మన వయసువాళ్లు తమలాంటివాళ్లతో తామే మాట్లాడుకుంటారు. దాన్ని చాలామంది కాలక్షేపం అనుకుంటారు, కొందరు పెద్దవాళ్లు ‘ఫోన్ పక్కన పెట్టి రెస్ట్ తీసుకో’ అంటారు. నా అభిప్రాయం వేరు. అది మందులంత కాకపోయినా మందుల పక్కన ఉండాల్సినదే. బాధేంటంటే, అది ఇంగ్లిష్ వచ్చినవాళ్లకి దొరికినంత సులువుగా తెలుగు మాత్రమే వచ్చినవాళ్లకి దొరకట్లేదు. తెలుగు క్లబ్ అని పేరు పెట్టుకున్న మనకి ఇది పట్టాలని నా వాదన.

ముందు ఈ ‘మన వయసు’ సంగతి. క్యాన్సర్ విషయంలో 15 నుంచి 39 ఏళ్ల వాళ్లని ఒక ప్రత్యేక వర్గంగా చూస్తారు. అమెరికాలోని నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ వాడే లెక్క ఇది. ప్రత్యేకం ఎందుకంటే వీళ్లు ఎక్కడా ఇమడరు. పిల్లల వార్డులో గోడల మీద కార్టూన్ బొమ్మలుంటాయి, మంచాలు పొట్టిగా ఉంటాయి. పెద్దల వార్డులో పక్క మంచం మీద తాతగారు ‘ఈ వయసులో నీకేంటి నాయనా ఈ ఖర్మ’ అని మనకంటే ముందు తనే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. ఇక ఇంట్లో అయితే, ఇప్పుడిప్పుడే సొంతంగా బస్సెక్కి, సొంతంగా సంపాదించి, నచ్చినవాళ్లతో తిరగడం మొదలుపెట్టినవాడు మళ్లీ అమ్మ చేత్తో ముద్దలు తినే దగ్గరికి వచ్చేస్తాడు. అరవై ఏళ్లాయనకి అది ముసలితనంలో భాగంగా సర్దుకుంటుందేమో. ఇరవై ఏళ్లవాడికి అవమానంగా ఉంటుంది, పైకి చెప్పడు అంతే.

ఇది ఒంటరితనం గురించి మాత్రమే కాదు, ప్రాణం గురించి కూడా. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ మీద 2008లో అమెరికాలో ఒక పరిశోధన ప్రచురించారు. 16 నుంచి 20 ఏళ్ల మధ్యవాళ్లు, ఒకటే జబ్బు. కొందరు పిల్లల డాక్టర్ల దగ్గరికి వెళ్లారు, కొందరు పెద్దల డాక్టర్ల దగ్గరికి. మందులు ఇంచుమించు అవే, మోతాదులూ వరసా వేరు. ఏడేళ్ల తర్వాత లెక్క చూస్తే, జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు పిల్లల పద్ధతిలో 63 శాతం, పెద్దల పద్ధతిలో 34 శాతం. ఆ అంకెలు మళ్లీ చదవండి. ఆసుపత్రిలో ఏ తలుపు తీసుకుని లోపలికి వెళ్లారన్నదానిమీద అంత తేడా. ఆ తర్వాత డాక్టర్లు పద్ధతి మార్చుకుంటూ వచ్చారు. నేను ఇక్కడ దీన్ని ఎందుకు చెప్తున్నానంటే, ఈ వయసువాళ్ల అవసరాలు వేరని వైద్యం కూడా ఆలస్యంగానే గుర్తించింది.

బ్రిటన్‌లో కొంచెం ముందే మేలుకున్నారు. టీనేజ్ క్యాన్సర్ ట్రస్ట్ అనే సంస్థ 1990లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ హాస్పిటల్‌లో కుర్రవాళ్ల కోసమే ఒక వార్డు పెట్టించింది. ఒకే వయసువాళ్లని ఒకచోట ఉంచడం, అంతే దాని వెనక ఆలోచన. ఆ సంస్థ పేరు ప్రపంచానికి బాగా తెలిసింది మాత్రం ఒక కుర్రాడి వల్ల.

స్టీఫెన్ సటన్ అని, ఇంగ్లండ్ అబ్బాయి. 15 ఏళ్లకి పేగు క్యాన్సర్ బయటపడింది. ఇక నయం కాదని తేలాక 2013 జనవరిలో ఫేస్‌బుక్‌లో ఒక పేజీ తెరిచి, చేయాలనుకున్న 46 పనుల జాబితా పెట్టాడు. ఆ ట్రస్ట్ కోసం 10,000 పౌండ్లు పోగుచేయాలన్నది అందులో ఒకటి. 2014 ఏప్రిల్‌లో ఆసుపత్రి మంచం మీద నుంచి బొటనవేలు పైకెత్తి ఒక ఫొటో పెట్టాడు. ముక్కులో గొట్టం, మన పోస్టర్లలో ఉన్నట్టే. తేడా ఏంటంటే, ఆ ఫొటో కింద మాటలు అతనివి. మే 14న అతను చనిపోయేటప్పటికి 30 లక్షల పౌండ్లు దాటాయి. అప్పుడు అతని వయసు 19. నా వయసే.

ఇలాంటి కథలు చెప్పినప్పుడు ఒక ప్రమాదం ఉంది, ఒప్పుకుంటాను. క్యాన్సర్ వచ్చిన ప్రతివాడూ స్టీఫెన్‌లా నవ్వాలి, నిధులు పోగుచేయాలి, అందరికీ స్ఫూర్తినివ్వాలి అనుకోవడం మొదలుపెడతాం. క్యాన్సర్ వచ్చినవాడికి చిరాకు పడే హక్కు కూడా ఉండాలి. మన సినిమాలైతే ఇంకో రకం. 1981లో ‘ప్రేమాభిషేకం’లో నాగేశ్వరరావు గారు, 2005లో ‘చక్రం’లో ప్రభాస్. తెలుగు తెర మీద క్యాన్సర్ అంటే హీరో అందరి కోసం త్యాగం చేసి వెళ్లిపోవడానికి రచయితకి దొరికిన మంచి కారణం. కీమో తర్వాత నోట్లో పుండ్లు పడి పెరుగన్నం కూడా తినలేక, ఫోన్‌లో బిర్యానీ రీల్స్ చూస్తూ కూర్చున్న హీరోని నేనింతవరకు చూడలేదు. అసలు జీవితం అలాగే ఉంటుందని నాకు మా అన్నయ్య వల్ల తెలిసింది.

అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు. తన గురించి రాయమని తనే అన్నాడు, పేరు మాత్రం వద్దన్నాడు. బీటెక్ అయి ఉద్యోగంలో చేరిన ఏడాదికి, 22 ఏళ్లప్పుడు, మెడ దగ్గర గడ్డ వచ్చింది. మొదట చూసిన డాక్టరు టీబీ అనుకుని రెండు నెలలు మందులు వాడించారు. మన దేశంలో మెడలో గడ్డ అంటే ముందు టీబీనే అనుమానిస్తారు, చాలాసార్లు అదే అవుతుంది కూడా. గడ్డ తగ్గకపోతే బయాప్సీ చేశారు. హాడ్జ్‌కిన్ లింఫోమా. కుర్రవాళ్లకి ఎక్కువగా వచ్చే రకాల్లో ఇదొకటి, బాగా నయమయ్యే రకాల్లో కూడా ఒకటి. నాలుగు మందులు కలిపిన ఏబీవీడీ అనే కీమో, రెండు వారాలకోసారి, ఆరు నెలలు.

ఇంట్లో మొదటి నిర్ణయం వైద్యం గురించి కాదు. ‘ఎవరికీ చెప్పొద్దు’ అన్నది. అక్కకి సంబంధాలు చూస్తున్నారు. తమ్ముడికి ఆ జబ్బు అని తెలిస్తే వచ్చేవాళ్లు వెనక్కి పోతారని భయం. చుట్టాలకి కామెర్లు అని చెప్పారు. దాంతో పథ్యాల గురించి ఊళ్లోవాళ్లంతా సలహాలిచ్చారు, అది వేరే కామెడీ. పెద్దమ్మని తప్పుపట్టలేను, ఆమె భయం ఉత్త భయం కాదు, మన పెళ్లి మార్కెట్ అలాగే ఉంది. కానీ దాని ఫలితం ఏంటంటే, అన్నయ్యకి ఊరినిండా చుట్టాలున్నా నిజం మాట్లాడటానికి ఒక్క మనిషి లేడు.

పెట్ స్కాన్ రిజల్ట్ కోసం ఎదురుచూసే వారంలో, నిద్రపట్టక, లింఫోమా ఉన్న కుర్రవాళ్ల గ్రూపు ఒకటి ఆన్‌లైన్‌లో వెతుక్కుని చేరాడు. అంతా ఇంగ్లిష్. మనకి అర్ధరాత్రి అయితే అమెరికావాళ్లకి మధ్యాహ్నం, కాబట్టి ఏ వేళ అడిగినా ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. తను ఒకసారి నాతో అన్నాడు: “ఇక్కడ అందరూ ‘ఎలా ఉన్నావ్’ అంటార్రా. ఏం చెప్పాలి? వాళ్లయితే ‘ఎన్నో సైకిల్’ అంటారు. దానికి జవాబుంది.”

చేరిన రెండో రోజే పుణె నుంచి ఒకతను అడిగిన ప్రశ్న, వీర్యం భద్రపరిచావా అని. కొన్ని కీమో మందుల వల్ల పిల్లలు పుట్టే అవకాశం తగ్గొచ్చు, కాబట్టి చికిత్స మొదలవకముందే దాచుకోవాలా అని డాక్టరుతో మాట్లాడాలి. మగవాళ్లకి రెండు మూడు రోజుల పని. ఆడపిల్లలకి అండాలు తీసి భద్రపరచడానికి రెండు వారాల దాకా పడుతుంది, అందుకే ఇంకా ముందు ఆలోచించాలి. అన్నయ్యకి ఆ సంగతే తెలియదు. డాక్టరు చెప్పలేదు, ఎందుకంటే ప్రతిసారీ పక్కన పెద్దమ్మ కూర్చుని ఉంది. పెళ్లికాని కొడుకు ముందు, తల్లి ముందు, ఆ మాట ఎవరెత్తుతారు? తర్వాతి విజిట్‌లో అన్నయ్య అమ్మని బయట కూర్చోమని, లోపల తనే అడిగాడు. డాక్టరు ‘అడిగావు, మంచిపని చేశావు’ అని చీటీ రాసిచ్చారు. ఇంట్లో ‘ఇంకో టెస్టు ఉంది’ అని చెప్పి ఒక్కడే వెళ్లొచ్చాడు. ఇక్కడే నాకు ఆ గ్రూపు విలువ అర్థమైంది. ఇంటినిండా ప్రేమించేవాళ్లున్నారు, మంచి డాక్టరున్నారు. అయినా ఆ ప్రశ్న మాత్రం ముక్కూమొహం తెలియనివాడు అడగాల్సి వచ్చింది. తెలియనివాడు కాబట్టే అడగగలిగాడేమో.

మొదటి కీమో రోజు రాత్రి ఒంటిగంటకి బాత్రూమ్‌లో చూసుకుంటే మూత్రం ఎర్రగా ఉంది. రక్తమనుకుని చెమటలు పట్టాయట. అమ్మని లేపితే ఇల్లంతా లేస్తుంది. గ్రూపులో పెట్టాడు. రెండు నిమిషాల్లో జవాబు: ‘ఆ నాలుగు మందుల్లో ఒకటి ఎర్రగా ఉంటుంది చూడు, దాని రంగే. ఒకట్రెండు రోజుల్లో పోతుంది. మంట గానీ గడ్డలు గానీ ఉంటే హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యి.’ ఆ మందు డాక్సోరూబిసిన్, పేషెంట్లు దానికి ‘రెడ్ డెవిల్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఆ విషయం కీమో ఇచ్చే ముందు చెప్పాల్సిన కాగితంలో ఉండే ఉంటుంది. కాగితం ఎవరికి గుర్తుంటుంది ఆ రోజు?

అయితే అక్కడ ఎప్పుడూ జబ్బు గురించే మాట్లాడుకుంటారనుకుంటే పొరపాటు. మీలో చాలామంది ‘ద ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ చదివో, దాని హిందీ రీమేక్ ‘దిల్ బేచారా’ చూసో ఉంటారు. 2012లో వచ్చిన ఆ నవలని జాన్ గ్రీన్ అంకితమిచ్చింది ఎస్తర్ ఎర్ల్ అనే అమ్మాయికి. థైరాయిడ్ క్యాన్సర్‌తో 2010లో, 16 ఏళ్లకే చనిపోయింది. ఆమెకి ఆన్‌లైన్‌లో దొరికిన స్నేహితులు క్యాన్సర్ వల్ల దొరికినవాళ్లు కాదు. హ్యారీ పాటర్ పిచ్చి, జాన్ గ్రీన్ అన్నదమ్ముల యూట్యూబ్ వీడియోల పిచ్చి వాళ్లని కలిపాయి. మంచం మీద నుంచి లేవలేని రోజు కూడా ఒక అమ్మాయి అమ్మాయిగానే ఉండగలిగే చోటు అది. అన్నయ్య గ్రూపులో కూడా సగం మెసేజ్‌లు క్రికెట్ గురించేనట. అందులో యువరాజ్ సింగ్ పేరు ఎంత తరచుగా వస్తుందో చెప్పక్కర్లేదు. 2011 ప్రపంచకప్‌లో మ్యాన్ ఆఫ్ ది సిరీస్, 2012 మొదట్లో అమెరికాలో కీమో, అదే ఏడాది మళ్లీ ఇండియా జెర్సీ.

ఇప్పటిదాకా చెప్పింది ఇంగ్లిష్ వచ్చినవాడి కథ. అన్నయ్యతోపాటు అదే రోజుల్లో డేకేర్‌లో పక్క కుర్చీలో కీమో ఎక్కించుకునే ఇంకో కుర్రాడున్నాడు. మహబూబాబాద్ వైపు ఊరు, ఐటీఐ చదివాడు, వయసు 20. తన చేతిలోనూ స్మార్ట్‌ఫోనే. తనూ రాత్రుళ్లు వెతికాడు, తెలుగులో. ఏం వచ్చాయో మీరు ఊహించగలరు, కావాలంటే ఇప్పుడే వెతికి చూడండి. లక్ష్మణఫలం తింటే గడ్డ కరిగిపోతుంది. గోధుమగడ్డి రసం తాగితే కీమో అక్కర్లేదు. చక్కెర మానేస్తే క్యాన్సర్ ఆకలితో చచ్చిపోతుంది. థంబ్‌నెయిల్ మీద ఎర్ర బాణం, ఆశ్చర్యపోతున్న మొహం. ఆ కుర్రాడు మూడో సైకిల్‌కి రాకుండా రసాలు మొదలుపెడదామనుకున్నాడు. ఇది నవ్వుకునే విషయం కాదు. మామూలు చికిత్స వదిలేసి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే నమ్ముకున్నవాళ్లు చనిపోయే ప్రమాదం రెండున్నర రెట్లు ఎక్కువని యేల్ యూనివర్సిటీ వాళ్లు అమెరికా రోగుల మీద చేసిన పరిశోధన ఒకటి 2018లో వచ్చింది.

ఇంగ్లిష్‌లో మోసాలు లేవా అంటే, ఉన్నాయి. ఆస్ట్రేలియాలో బెల్ గిబ్సన్ అనే ఆవిడ తనకి మెదడులో క్యాన్సర్ ఉందని, తిండితో తగ్గించుకున్నానని చెప్పి యాప్ అమ్మింది, పుస్తకం అమ్మింది. అసలు తనకి క్యాన్సరే లేదని 2015లో ఒప్పుకుంది. 2017లో అక్కడి కోర్టు 4,10,000 డాలర్ల జరిమానా వేసింది. మోసం ఏ భాషలోనైనా ఉంటుంది. కానీ ఇంగ్లిష్‌లో మోసం పక్కనే ‘దీన్ని నమ్మకు, నేనూ ఈ దారిలోనే వెళ్లొచ్చాను’ అనే మనిషి గొంతు కూడా దొరుకుతుంది. మన దగ్గర ఆ రెండో గొంతు వినిపించదు. కారణం నాకు తెలిసినంతలో టెక్నాలజీ కాదు. కామెర్లు అని చెప్పుకోవాల్సి వచ్చినవాడు బయటికొచ్చి తెలుగులో వీడియో పెట్టడు కదా. నయమైనవాళ్లు మన చుట్టూ ఉన్నారు, వాళ్లకి జబ్బు వచ్చినట్టే మనకి తెలియదు. పోయినవాళ్ల గురించి మాత్రం అందరికీ తెలుసు. అందుకే ‘ఆ జబ్బు వస్తే పోవడమే’ అని మన ఊళ్లలో అంత గట్టిగా నమ్ముతారు.

ఆ కుర్రాడికి అన్నయ్య దుబాసీ అయ్యాడు. గ్రూపులో వచ్చిన జవాబుల్ని తెలుగులో వాయిస్ మెసేజ్ చేసి పంపేవాడు. ఆ కుర్రాడు డేకేర్‌లో ఇంకో అమ్మాయికి పంపాడు. ఇప్పుడు వాట్సాప్‌లో 14 మంది ఉన్నారు, 17 నుంచి 31 ఏళ్ల దాకా. గ్రూపు పేరు చెప్పకూడదు గానీ ‘సైకిల్’ అన్న మాట మీద ఒక జోకు. ఎక్కువగా వాయిస్ మెసేజ్‌లే. తెలుగు టైపింగ్ రాక కొందరు, కీమో వల్ల వేళ్ల కొసలు తిమ్మిరెక్కి టైప్ చేయలేక కొందరు.

రూల్స్ అన్నయ్యే పెట్టాడు, కంప్యూటర్ సైన్స్‌వాడు కదా. మందు మోతాదుల గురించి సలహా ఇవ్వకూడదు. రిపోర్టు పెడితే పేరు చెరిపి పెట్టాలి. ‘అయ్యో’ అనకూడదు. చిట్కా వీడియో పంపితే ఆ రోజంతా మ్యూట్. జ్వరం 100.4 డిగ్రీలు దాటిందని ఎవరైనా అంటే గ్రూపులో చర్చ ఉండదు, ఒకటే జవాబు: వెంటనే ఆసుపత్రికి. కీమోలో తెల్లకణాలు పడిపోయి ఉంటాయి, మామూలు జ్వరమనుకుని డోలో వేసుకుని పడుకుంటే పొద్దుటికి ప్రాణం మీదికి రావచ్చు. క్యాన్సర్ పేషెంటు చికిత్సకి వెళ్లేటప్పుడు రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితమని సగంమందికి ఈ గ్రూపులోనే తెలిసిందట. ఆసుపత్రి నుంచి ఫారం తీసుకెళ్లాలి, అంతే.

ఇలాంటి గ్రూపులు మంచివి కావనేవాళ్లున్నారు. మా పెద్దనాన్న అదే అంటారు: ‘నువ్వు బాగవుతున్నావు, పక్కవాళ్ల బాధలన్నీ నెత్తిన వేసుకోవడం ఎందుకురా?’ ఈ మాటని నేను తేలిగ్గా తీసేయను. పోయిన సంవత్సరం ఆ 14 మందికి ముందు 15 మంది ఉన్నారు. డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి, అందరికంటే ఎక్కువ జోకులు వేసేది. ఆమె పోయాక నాలుగు రోజులు గ్రూపులో ఎవరూ మాట్లాడలేదు. ఒకతను బయటికి వెళ్లిపోయాడు, తనవల్ల కాదన్నాడు. అది అతని ఇష్టం, సరైన పనే చేశాడేమో కూడా. స్కాన్ దగ్గరపడితే వచ్చే గుబులు, ఒకరిది ఇంకొకరికి అంటుకుంటుంది. ఇవన్నీ నిజాలే. అందరికీ గ్రూపు అవసరమని నేననను.

కానీ పెద్దనాన్న చెప్పే రెండో దారి ఏంటి? ఒంటరిగా అదే భయం. గ్రూపులో లేకపోతే ఆ అమ్మాయి చనిపోయిన సంగతి అన్నయ్యకి తెలిసేది కాదు, నిజమే. తను చనిపోవచ్చన్న సంగతి మాత్రం మొదటి రోజు నుంచీ తెలుసు. ఐదో రోజు మహబూబాబాద్ కుర్రాడు గ్రూపులో ఆమె పాత వాయిస్ మెసేజ్ ఒకటి మళ్లీ పెట్టాడు, ఆసుపత్రి ఇడ్లీ గురించి ఆమె వేసిన జోకు. అందరూ నవ్వారట. ఆమె నంబరు ఇంకా గ్రూపులోనే ఉంది. తీసేయమని ఎవరూ అనలేదు.

ఇక మన సంగతి. అన్నయ్యకి ఉద్యోగం చేస్తుండగా వచ్చింది కాబట్టి సెలవు పెట్టాడు. సెమిస్టర్ మధ్యలో వస్తే? రెండు వారాలకోసారి కీమో, ప్రతిసారీ నాలుగైదు రోజులు లేవలేడు. పన్నెండు పనిదినాల్లో ఏడెనిమిది రోజులు వస్తాడు, అదీ అన్నీ బాగుంటే. జేఎన్‌టీయూ లెక్కలో 75 శాతం హాజరు కావాలి, మెడికల్ సర్టిఫికెట్‌తో 65 దాకా కండోనేషన్, అంతకన్నా తగ్గితే డిటెన్షన్. అంటే నయమై తిరిగొచ్చినవాడు జూనియర్లతో కూర్చుంటాడు, తన బ్యాచ్ తనకి ఉండదు. ఆన్‌లైన్‌లో తోడు వెతుక్కోవడానికి మన రూలే ఒక కారణం అవుతుందన్నమాట. 2020లో దేశం మొత్తం ఇళ్లలో కూర్చుని చదివింది, హాజరు కూడా వేశారు. ఒక్కడి కోసం ఆ పని చేయడం ఇప్పుడు ఎందుకు కుదరదో ఎవరైనా చెప్తే వింటాను.

స్నేహితులుగా చేయగలిగిన పనుల్లో ‘స్టే స్ట్రాంగ్’ అన్న మెసేజ్ అట్టడుగున ఉంటుంది. దానికి జవాబు ఇవ్వడం కూడా వాడికి ఒక పని. క్లాసులో ఏం జరిగిందో, ఎవరు ఎవరితో పోట్లాడారో, క్యాంటీన్‌లో రేటు ఎంత పెంచారో పంపండి. ప్లేట్‌లెట్లు ఇవ్వండి. తీశాక ఐదు రోజులే నిలవుంటాయి కాబట్టి ముందుగా దాచిపెట్టే వీలుండదు, ఎప్పటికప్పుడు మనిషి కావాలి. ఇంకోటి, రక్త మూలకణాల దాతగా పేరు నమోదు చేసుకోవడం. కొన్ని బ్లడ్ క్యాన్సర్లకి మార్పిడి తప్ప దారి ఉండదు, తోడబుట్టినవాళ్లలో ఒక్కొక్కరితో పూర్తిగా కుదిరే అవకాశం నాలుగో వంతే, మిగిలినవాళ్లు బయట వెతుక్కోవాలి. చెన్నైలో 2009లో మొదలైన దాత్రి లాంటి రిజిస్ట్రీల్లో 18 నుంచి 50 ఏళ్ల ఆరోగ్యవంతులెవరైనా చేరొచ్చు. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి ఇస్తే చాలు. మన ఎన్ఎస్ఎస్‌వాళ్లు ఏటా పెట్టే రక్తదాన శిబిరంలో ఆ బల్ల కూడా ఒకటి వేయమని అడిగాను, చూద్దామన్నారు.

మన క్లబ్ చేయగలిగింది వేరే ఉంది. అన్నయ్య గ్రూపువాళ్లు తమకి మొదటి నెలలో తెలియక ఇబ్బందిపడిన ప్రశ్నలన్నీ పోగుచేస్తున్నారు. వాటికి జవాబుల్ని తేలిక తెలుగులో రాసి, క్యాన్సర్ డాక్టరు ఒకరి చేత సరిచూయించి, ఆడియో కూడా చేసి పెట్టాలి. రాయడానికీ చదవడానికీ గొంతులు మన దగ్గర ఉన్నాయి. ఇప్పటికి 23 ప్రశ్నలు వచ్చాయి. జుట్టు ఎన్నో రోజు నుంచి ఊడుతుంది, ముందే గుండు చేయించుకుంటే మంచిదా అన్నది మొదటిది. 23వది మహబూబాబాద్ కుర్రాడు పంపాడు: ఇంటర్వ్యూలో ‘ఈ ఏడాది గ్యాప్ ఏంటి’ అని అడిగితే ఏం చెప్పాలి? దీనికి జవాబు డాక్టర్ల దగ్గర ఉండదు. ప్లేస్‌మెంట్ సెల్‌లో పనిచేసే సీనియర్లెవరైనా రాసిస్తే బాగుంటుంది.